కళ్లె అని రాయాల్సిన చోట

బస్సులో ఎవరైనా గట్టిగా దగ్గితే పక్కవాళ్ళు ముఖం అటు తిప్పుకుంటారు. నేను చెవి ఇటు తిప్పుతాను. నిన్న పొద్దున రాజమండ్రి నుంచి తుని వెళ్ళే బస్సులో నా వెనక సీట్లో ఒక పెద్దాయన దగ్గాడు. మొదటి రెండూ గొంతులోంచి వచ్చినవే, ఎందుకూ పనికిరావు. మూడోది అలా కాదు. పొట్ట అడుగున బయల్దేరి, పక్కటెముకలన్నిటినీ పలకరించుకుంటూ పైకి వచ్చింది. "మంచి శాంపిల్" అన్నాను. మనసులో అనుకున్నాననే అనుకున్నాను గాని, పైకే అన్నట్టున్నాను. నా పక్కనున్నాయన నన్నొకసారి చూసి, సంచీ తీసుకుని ముందు సీటుకు వెళ్ళిపోయాడు. దగ్గినాయన పక్క నుంచి మాత్రం ఎవరూ లేవలేదు. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి సువార్త గారు.

గోదావరి పక్కన ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ఆవిడ సీనియర్ టెక్నీషియన్. నేను ఆవిడ కింద చేరిన జూనియర్‌ని. హెచ్ఐవీ ఉన్నవాళ్ళు నెలనెలా మందులకు వచ్చే కేంద్రం మా గదికి ఆనుకునే ఉండేది. వాళ్ళ పరీక్షల్లో చాలా వరకు మా దగ్గరే. అలాంటి చోట కూర్చుని ఏళ్ళ తరబడి జనానికి చెడ్డవార్తలు రాసి పంపిన మనిషి పేరు సువార్త. "మా నాన్నగారు లూథరన్ గుళ్ళో ఉపదేశి. నాకు ల్యాబులో ఉద్యోగం వస్తుందని ఆయనకి ముందే ఎలా తెలుస్తుంది?" అనేవారు. ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. ఇలాంటి జ్ఞాపకాల్లో చివరికొచ్చేసరికి మనిషి పోవడం రివాజు. సువార్త గారు పోలేదు. రిటైరై పాలకొల్లులో చెల్లెలి ఇంటి పక్కన ఉంటున్నారు. ఎవరూ రుమాళ్ళు తీయనక్కర్లేదు.

నేను చేరిన రోజు తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను. మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒక కన్ను మూసి, సాయంత్రానికల్లా ఏదో ఒకటి కనిపెట్టేస్తానని నా నమ్మకం. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఊరు ఏదని అడిగారు. నరసాపురం అన్నాను. అమ్మగారు ఏం చేస్తారన్నారు. లేసు అల్లుతుందన్నాను. "అయితే ఓపిక అంటే ఏంటో ఇంట్లో చూసే ఉంటావు" అని, ఆసుపత్రి వెనక రేకుల పందిరి కిందికి తీసుకెళ్ళారు.

"దగ్గు."

"ఏంటండీ?"

"దగ్గు నాయనా. పేషెంటుకి నేర్పాలంటే ముందు నీకు రావాలి కదా."

దగ్గాను.

"అది దగ్గా? పెళ్ళిచూపుల్లో గొంతు సవరించుకున్నట్టుంది."

తర్వాత ఆవిడే చేసి చూపించారు. నడుం మీద చేతులు పెట్టుకుని, గుండె నిండా మూడుసార్లు గాలి పీల్చి, మూడోసారి ఆపి, ఒక్క దగ్గు దగ్గారు. రేకుల మీద కాకులు లేచిపోయాయి. నేనూ పోదామనుకున్నాను. సంగీతం పంతులమ్మ దగ్గర చేరినట్టు ఆ వారమంతా నాకు అదే సాధన. ఇస్త్రీ కోటు వృథా అయింది.

ఆ దగ్గు వెనక ఉన్న సంగతి మెల్లిగా అర్థమైంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళను హెచ్ఐవీ కన్నా ముందు క్షయే పట్టుకుపోతుంది. ఒంట్లో కాపలా సన్నగిల్లుతుంది కనుక దానికి లోపలికి రావడం సులువు, దొరకడం కష్టం. మామూలు మనిషి కళ్లెలో క్షయ క్రిములు తిరునాళ్ళలో జనంలా ఉంటే, వీళ్ళ కళ్లెలో వెతుక్కోవాలి. అందుకని కప్పులో ఏం పడిందన్నదే సగం పరీక్ష. సువార్త గారు ఏ కప్పునూ వంచి చూడకుండా లోపలికి తీసుకునేవారు కాదు. వంచితే నీళ్ళలా జారిందా, అది ఉమ్మి, వెనక్కి ఇచ్చేయ్. చిక్కగా, బద్ధకంగా కదిలిందా, అది కళ్లె, కూర్చోబెట్టి గౌరవించు. ఆవిడ సిద్ధాంతం మొత్తం ఇంతే. గది బయట తలుపు పక్కన ఒక రేకు బోర్డు ఉండేది. ఆవిడే తెల్లరంగు పూసి, చేత్తో రాసింది: "కళ్లె పరీక్ష. లోపల్నుంచి దగ్గి తీసిన కళ్లె ఇవ్వండి. ఉమ్మి వద్దు." అక్షరాలు అందంగా ఉండవు. కాని దూరం నుంచి కూడా కోప్పడుతున్నట్టే కనిపించేవి.

నేను చేరిన మరుసటేడు హెచ్ఐవీ కార్యక్రమం వాళ్ళు మా ల్యాబు సామర్థ్యం పెంచాలని నిర్ణయించారు. సామర్థ్యం నాలుగు అట్టపెట్టెల్లో వచ్చింది. ఒకదాంట్లో కొత్త మిషను, ఒకదాంట్లో బ్యాటరీలు, మిగతా రెండింట్లో థర్మోకోలు. మిషను నిజంగా గొప్పదే. కళ్లెను మందులో కలిపి, చిన్న గుళికలో పోసి, దాని నోట్లో పెడితే రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, మామూలు మందుకు లొంగుతుందో లేదో కాగితం మీద చెప్పేస్తుంది. మైక్రోస్కోపుకు అందని నాలుగు క్రిములున్నా పట్టేస్తుంది. దానికోసం గదికి ఏసీ పెట్టారు. అన్నేళ్ళూ మేం నోచుకోని ఏసీకి మిషను వస్తూనే నోచుకుంది. ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే సువార్త గారికి కంట్లో శుక్లం ఆపరేషను. సెలవు మీద వెళుతూ, "మిషను వచ్చిందని కప్పు వంచడం మానకు నాయనా. దాని నోట్లో ఏం పోస్తే అదే చెబుతుంది" అన్నారు. నేను తల ఊపాను. నాకు తల ఊపడం బాగా వచ్చు.

ఇక నేను చేసిన పని. ఎవరూ చెయ్యమనలేదు, నాకే తోచింది. అంత పెద్దవాళ్ళు కార్లు దిగి వస్తుంటే గుమ్మంలోనే "కళ్లె" అని ఏమిటి, అసహ్యంగా? మా వైపు మనిషిని తిట్టాలన్నా చివర "అండి" చేర్చి తిడతాం. అలాంటిది అతిథుల ముందు కళ్లె అంటామా? రేకు బోర్డు తీసి బీరువా వెనక పెట్టేశాను. నీలం అక్షరాలతో ఫ్లెక్సీ వేయించాను: "ఇచ్చట అత్యాధునిక పద్ధతిలో ఉమ్మి పరీక్ష చేయబడును." కళ్లె కన్నా ఉమ్మి మర్యాదగా ఉందనిపించింది. "చేయబడును" అనేది ఇంకా మర్యాదగా ఉంది. పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోలో నేను కూడా ఉన్నాను, ఎడమ చివర, సగం చెవి.

తర్వాతి రెండు వారాల్లో మా ప్రాంతంలో క్షయ అంతరించిపోయింది. ఏ గుళిక పెట్టినా "కనపడలేదు" అనే వస్తోంది. జనం కప్పులు తెచ్చి రెండు చేతులతో అందిస్తున్నారు. అందులో తేటగా, నురగతో, మల్లెపువ్వంత శుభ్రంగా ఉన్నదేదో ఉంటోంది. నేను వంచి చూడలేదు. నాలుగు క్రిములున్నా పట్టే మిషను ఉండగా వంచడం దాన్ని అవమానించడమే కదా. క్షయ ఓడిపోయిందని సువార్త గారికి ఫోను చేసి చెబుదామనుకున్నాను. చెప్పి ఉంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి, మంచిదే అయ్యేది.

ఆవిడ తిరిగొచ్చిన రోజు కంటికి పెద్ద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నారు. గుమ్మంలో ఆగిపోయి ఫ్లెక్సీ చదివారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివారు. నేను డాక్టరు అద్దాలు తీయొద్దన్నారేమో అనబోయి ఊరుకున్నాను.

"ఇది ఎప్పుడు కట్టావు?"

"ప్రారంభోత్సవం ముందు రోజండి."

"అప్పట్నుంచి ఎన్ని పాజిటివ్‌లు వచ్చాయి?"

"ఒక్కటి కూడా లేదండి" అన్నాను, ఇంకా కాస్త గర్వంగానే.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ అమ్మగారు లేసు అల్లుతుంటే ఒక చోట కుట్టు తప్పిందనుకో. ఆ సంగతి నాలుగు వరసలయ్యాక కనిపించింది. ఏం చేస్తారు?" అని అడిగారు.

"విప్పేస్తుందండి."

"ఎంతవరకు?"

"తప్పిన చోటు దాకా."

"మరి విప్పు."

రిజిస్టరు తీశాను. ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచి "కనపడలేదు" అని రాసిన పేర్లన్నీ వేరే కాగితం మీద ఎక్కించాను. అన్నీ నా చేతిరాతే. అందరినీ మళ్ళీ పిలిచి, మళ్ళీ కళ్లె తీసుకోవాలి. చాలామంది ఫోనుకు దొరికారు. దొరకనివాళ్ళలో ఒకతని పేరు చూసి, మందుల కేంద్రంలో కౌన్సెలర్ లలిత గారు "అయ్యో" అన్నారు. ఇక్కడ అతన్ని వీర్రాజు అంటాను. అసలు పేరు అది కాదు. కడియం నర్సరీలో లారీలకు మొక్కలు ఎక్కించే పని. ఈ నెల మందులకు వచ్చేసరికే బరువు తగ్గాడట, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందని చెప్పాడట. అందుకే పరీక్షకు పంపారు. మేం లేదని రాసిచ్చాం. మళ్ళీ రావాల్సింది వచ్చే నెల. "అన్నాళ్ళు ఆగే ఒళ్ళు కాదండీ అతనిది" అన్నారు లలిత గారు. ఫోను చేస్తే పిల్లలు తీస్తారు, చెయ్యొద్దన్నాడట. మరీ అవసరమైతే మొక్కలు కొనేవాళ్ళలా నర్సరీకి రండి, ఆసుపత్రి మాట మాత్రం ఎత్తకండి అని తనే చెప్పి పెట్టాడట. లలిత గారు బయల్దేరబోతుంటే సువార్త గారు ఆపారు. "కుట్టు తప్పింది మా వాడు. మేం వెళ్తాం."

మధ్యాహ్నం నా బండి మీద కడియం వెళ్ళాం. వెనక నల్లకళ్ళద్దాలతో, గొడుగు అడ్డంగా పట్టుకుని ఆవిడ. గూఢచారుల్లా కనిపించకూడదని వెళ్ళినవాళ్ళలో ఇంతకన్నా గూఢచారుల్లా కనిపించినవాళ్ళు ఉండరు. నర్సరీ మేస్త్రీ ఎదురొచ్చి "ఏం మొక్కలు కావాలండీ?" అన్నాడు. నేను "ఏవైనా పర్లేదండి" అన్నాను. మొక్కలు కొనడానికి వచ్చినవాడు ఎప్పుడూ అనని మాట అది. సువార్త గారు నన్ను పక్కకు నెట్టి క్రోటన్ల సంగతి ఎత్తారు. ఈ ఆకు మీద మచ్చ ఏంటి, దీనికి ఎండ ఎంత కావాలి, వేరు పట్టిందో లేదో చూపించు, చూపించకుండా ఎలా తీసుకుంటాం? అరగంట పాటు ఆ మేస్త్రీని అక్కడి నుంచి కదలనివ్వలేదు. ఆవిడ నటిస్తున్నారనుకున్నాను గాని, కాదు. ల్యాబులో కప్పులు చూసినట్టే తొట్లు వంచి చూస్తున్నారు.

లారీ వెనక ఒకతను కరివేపాకు మొక్కలు అందిస్తూ, మధ్యలో ఆగి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఆ దగ్గు విన్నాక పేరు అడగాల్సిన పని లేకపోయింది. దగ్గరికి వెళ్ళి, ఒక కరివేపాకు మొక్క తీసుకుంటానని చెప్పి, బండి దాకా తెచ్చిపెట్టమన్నాను. తెచ్చాడు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు మెల్లిగా ఎక్కడి నుంచి వచ్చానో చెప్పాను.

"మీ రిపోర్టులో చిన్న పొరపాటు జరిగిందండి" అన్నాను.

"ఎవరి వల్లండి?" అన్నాడు. కోపంగా కాదు. బస్సు ఎన్నింటికండి అన్నట్టు మామూలుగా అడిగాడు.

నాకు జోకులు చాలా వచ్చు. ఆ క్షణంలో ఒక్కటీ రాలేదు. "నా వల్లండి" అన్నాను. బోర్డు సంగతి మొత్తం చెప్పాను.

అతను మొక్క కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఆ రోజు నాకు కళ్లె పడిందండి. బాగానే పడింది. మీ బోర్డు చూస్తే ఉమ్మి అని ఉంది. డాక్టర్ల దగ్గరికి వెళ్ళేది, అలాంటిది ఇస్తే ఏం బాగుంటుందిలే అని కాలవలో ఊసేసి, నోరు రెండుసార్లు పుక్కిలించుకుని, శుభ్రంగా ఇచ్చానండి."

అంటే అతని జబ్బు మా గుమ్మం దాకా వచ్చింది. నా బోర్డు చదివి, మర్యాదపడి, కాలవలోకి వెళ్ళిపోయింది. కడియం ఎండలో నిలబడి ఆ మాట విన్నప్పుడు నాకు కలిగినదాన్ని వర్ణించవచ్చు గాని వర్ణించను. వర్ణిస్తే నా మీద నాకే జాలి కలిగే ప్రమాదం ఉంది. "రేపు పొద్దున్నే వస్తారాండి?" అని మాత్రం అడిగాను. "సగం రోజు కూలి పోద్దండి" అన్నాడు. మళ్ళీ తనే, "వస్తాన్లెండి. మీరు ఇంత దూరం వచ్చారు కదా" అన్నాడు. తప్పు చేసినవాడి దగ్గర కూడా మొహమాటం. అలా మొహమాటపడే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు మనిషి.

మర్నాడు ఏడింటికల్లా వచ్చాడు. రేకుల పందిరి కింద సువార్త గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "బాగుండదేమో అనుకోకు బాబూ. ఇక్కడ ఎంత అసహ్యంగా ఉంటే అంత మంచిది" అన్నారు. అతను నవ్వబోతే ఆ నవ్వే దగ్గయింది, ఆ దగ్గులోనే పని జరిగిపోయింది. కప్పు నేను వంచాను. కదల్లేదు. రెండు గంటలకు మిషను కాగితం కక్కింది: ఉంది. మామూలు మందుకు లొంగుతుంది. సువార్త గారు కాగితం చదివి, "చూశావా, నా పేరు నిలబడింది" అన్నారు. పాజిటివ్ అని వచ్చినందుకు ఆ గదిలో అందరూ ఊపిరి పీల్చుకోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే వీర్రాజుకు మందు మొదలైంది. నేను పేర్లు ఎక్కించిన కాగితం మీది వాళ్ళలో ఇంకో ఇద్దరికి కూడా అలాగే బయటపడింది. ఒకాయన మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఇచ్చిన ఊళ్ళో అలాంటి పేరే లేదన్నారు. ఆయన పేరు ఎదుట గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాని మీద నాకు జోకు లేదు.

అన్నీ అయ్యాక ఆవిడ బల్ల సొరుగులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశారు. ల్యాబులో జరిగిన తప్పులు రాసే పుస్తకం అది. ఆవిడవే ఎక్కువ, నేను చేరక ముందువి. కూర్చుని రాశాను: "బోర్డుపై కళ్లెకు బదులు ఉమ్మి అని పొరపాటున వ్రాయబడినది. కప్పులు పరిశీలించబడలేదు." గ్రాంథికంగా, హుందాగా వచ్చిందనిపించింది. ఆవిడ చదివి పెన్ను అడిగారు. "వ్రాయబడినది" కొట్టేశారు. "పరిశీలించబడలేదు" కొట్టేశారు.

"ఎవరు రాశారు?"

"నేనేనండి."

"అదే రాయి. దానంతటది రాయబడదు నాయనా. గాలికి ఎగిరొచ్చి అతుక్కుందా ఆ మాట?"

మళ్ళీ రాశాను. బోర్డు మీద ఉమ్మి అని నేను రాశాను. కప్పులు నేను వంచి చూడలేదు. రెండు చిన్న వాక్యాలు. మొదటిదానికన్నా వీటికి ఎక్కువసేపు పట్టింది. ఆవిడ చదివి, పుస్తకం మూసి, "తిట్టించుకోడానికి కాదు రాయమన్నది. ఎవరు చేశారో తెలియని తప్పుని ఎక్కడిదాకా విప్పాలో ఎవరికీ తెలీదు. అందుకు" అన్నారు. తర్వాత బీరువా వెనక నుంచి రేకు బోర్డు తీయించి, మేకు మళ్ళీ నా చేతే కొట్టించారు. అది కొంచెం వంకరగా ఉంది. వంకరగా నేను కొట్టాను.

ఇప్పుడు నా పని ఊళ్ళు తిరగడం. చిన్న చిన్న ఆసుపత్రుల ల్యాబుల్లో వాళ్ళకు పద్ధతులు చెప్పి రావడం. దాన్ని కాగితాల మీద సామర్థ్యం పెంచడం అంటారు. నేను వెళ్ళిన చోట మిషను కన్నా ముందు తలుపు మీది బోర్డు చదువుతాను. తర్వాత వెనక్కి తీసుకెళ్ళి దగ్గమంటాను. నిన్న తునిలో కొత్తగా చేరిన అమ్మాయి, పేరు దివ్య, పెళ్ళిచూపుల దగ్గే దగ్గింది. మధ్యాహ్నం రెండు కప్పుల చీట్లు తారుమారైన సంగతి తనే పట్టుకుని, నా దగ్గరికొచ్చి "సార్, లేబుల్స్ మారిపోయాయండి" అంది. ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నాను. సువార్త గారైతే అలాగే కూర్చునేవారు. కాసేపటికి ఆ పిల్లే, "నేను మార్చేశానండి" అంది. "రెండేనా, ఇంకా ఉన్నాయా? ఎక్కడిదాకా?" అన్నాను. కుర్చీలు దగ్గరికి లాక్కుని విప్పడం మొదలుపెట్టాం.

వీర్రాజు మందుల కోర్సు పూర్తయి చాలా కాలమైంది. హెచ్ఐవీ మందులకు మాత్రం వస్తూనే ఉంటాడు, ఒళ్ళు చేశాడు. కనిపించినప్పుడల్లా ఒక్కటే అడుగుతాడు: "మన కరివేపాకు మొక్క ఎలా ఉందండి?" మొదట్లో "ఏపుగా పెరుగుతోందండి" అనేవాణ్ణి. మొహమాటం అతనికి ఒక్కడికే ఉంటుందా? పోయిన నెల మళ్ళీ అడిగాడు. ఎండలకు ఎండిపోయిందండి అనబోయాను. ఎండ మీదికి నెట్టేద్దామని.

"చచ్చిపోయిందండి" అన్నాను. "నేను నీళ్ళు పోయలేదు."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వంతా అయ్యేదాకా చెవి అటే పెట్టి విన్నాను. ఎక్కడా దగ్గు లేదు.